తలుపు వైపు చూసే మనిషి

"ఒక పటంలో ఒంటరితనం ఎక్కణ్ణుంచి వస్తుంది మాస్టారూ? వెలుగులోంచా, నీడలోంచా?"

అడిగినవాడు జోగారావు. వినవలసి వచ్చినవారు సోమలింగాచారి మాస్టారు. కాకినాడలో ఒక పాత ఉప్పు గోదాము మీది మేడగదిలో ఆయన బొమ్మలు నేర్పేవారు. ఎవరైనా పెద్ద ప్రశ్న వేస్తే తిరిగి చిన్న ప్రశ్న వెయ్యడం ఆయన అలవాటు. పటంలోని మనిషిని వేలితో చూపించి, "ఈ మనిషి పొద్దున్నేం తిన్నాడోయ్?" అనేవారు. శిష్యుడు నీళ్లు నమిలితే, "పోయి కనుక్కునిరా. తత్వం తర్వాత మాట్లాడుకుందాం" అనేవారు. కొత్తగా చేరినవాళ్లకు ఇది హాస్యంలా ఉండేది. ఆయన ఒక్కసారి కూడా హాస్యానికి అనలేదు.

ఈ సంగతి ఇప్పుడు చెప్పడానికి కారణం ఉంది. ఈ రోజుల్లో ఏ ప్రదర్శనకు పోయినా ప్రతి పటం కిందా ఒక కాగితం అంటించి ఉంటుంది. అస్తిత్వ వేదన అంటారు. అనంత శూన్యం అంటారు. ఆధునిక స్త్రీ అంతరంగ చీకటి అంటారు. చదువుతుంటే ఒళ్లు మండిపోతుంది. ఆ పటంలో కూర్చున్న ఆడమనిషికి కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయని ఆ రాసినవాళ్లలో ఒక్కడికీ తోచదు. ఈ జబ్బు కొత్తదీ కాదు, పట్నం వాళ్లకే పరిమితమైనదీ కాదు. ఆ మేడగదిలోకి కూడా వచ్చింది.

జోగారావు హైస్కూలు డ్రాయింగు మాస్టరు. ఆదోనిలో పనిచేస్తున్నప్పుడు అక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. పేరు నాగవేణి. సొంత ఊరు కాకినాడకు బదిలీ చేయించుకున్నాక సెలవు రోజుల్లో మాస్టారి దగ్గర చేరాడు. చెయ్యి మంచిది. ఓపిక ఇంకా మంచిది. దసరా వెళ్లాక ఒక పెద్ద నూనెరంగుల పటం మొదలుపెట్టి, మాఘమాసం వచ్చేదాకా దాని మీదే ఉన్నాడు. ఆ శనివారం దాన్ని గుడ్డలో చుట్టి మేడగదికి మోసుకొచ్చి, స్టాండు మీద నిలబెట్టాడు.

పటం నిజంగా బాగుంది. అది ఒప్పుకోవాలి. చీకటి గది. పీట మీద నీలం చీరలో ఒక స్త్రీ. ఎడమవైపు ఎత్తున ఉన్న చిన్న కిటికీలోంచి వెలుగు ఏటవాలుగా దిగి, ఆమె మెడ మీద, చెవి దుద్దు మీద, ఒళ్లో వెల్లకిలా పడి ఉన్న అరచేతి మీద మాత్రం నిలిచింది. మిగతా గదంతా నలుపు. అందరికీ వింతగా తోచినదేమంటే, ఆమె ముఖం వెలుగువైపు లేదు. కుడిపక్కకు, చీకట్లోకి తిరిగి ఉంది. అక్కడ చూడ్డానికి పటంలో ఏమీ లేదు.

హైదరాబాదు ప్రదర్శనకు పటాలు ఏరడానికి ఒక కళా విమర్శకుడు ఆ వారమే ఊళ్లోకి వచ్చి, జోగారావు ఇంట్లోనే దీన్ని చూసి వెళ్లాడు. "వెలుగును నిరాకరించి, చీకటిని వరించిన స్త్రీ ఈమె. ఈ ఏకాంతం లోకానిది కాదు" అన్నాడట. అది మొదలు జోగారావుకు కాళ్లు నేలమీద ఆనడం లేదు. ఆ మాటలు అప్పజెపుతుంటే, పక్కన కుంచెలు కడుగుతున్న కరీముల్లా అనే శిష్యుడు నవ్వాడు.

"ఒరే జోగీ, ఆయన చెప్పినదాంట్లో నీకేమైనా అర్థమైందా?"

"అంతా అర్థమైంది."

"అబద్ధాలు. గీసినోడివి, నీకెలా అర్థమవుద్దిరా? నాకు మటుకు ఆవిడ పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయినట్టుంది. పొంగుతున్నాయేమోనని అటు చెవి పెట్టింది."

"నీకు వంటగది తప్ప ఇంకేం తెలుస్తుందిలే," అని జోగారావు మాస్టారి వైపు తిరిగి, పైన చెప్పిన ప్రశ్న వేశాడు. ఒంటరితనం వెలుగులోంచి వస్తుందా, నీడలోంచి వస్తుందా అని.

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని పటం దగ్గరకు వెళ్లారు. చాలాసేపు చూశారు.

"ఈవిడ పొద్దున్నేం తింది?"

"మా ఆవిడేనండి మాస్టారూ. నాగవేణి."

"పేరు అడగలేదు. ఏం తింది?"

జోగారావు తల గోక్కున్నాడు. "ఈ మధ్య పెద్దగా తినట్లేదండి. అదీ ఒకందుకు మంచిదే అయింది. మెడ ఎముక పైకి తేలింది. చూడండి, దాని మీద వెలుగు ఎంత చక్కగా నిలబడిందో."

మాస్టారి ముఖం మారింది. అయినా గొంతు పెంచలేదు. పటం కుడి అంచు అవతల, గాలిలో, వేలు పెట్టి చూపించారు. "ఇటేముంది?"

"ఏం లేదండి. తలుపు."

"తలుపు ఏమీ లేకపోవడం ఎలా అవుతుందిరా?"

"మూసేశానండి మాస్టారూ. రెండు పక్కల్నించి వెలుగొస్తే నీడ చెడిపోతుంది కదండీ. మొదలెట్టిన రోజునే గడియ వేశాను. మేం దొడ్డిదారినే తిరుగుతున్నాం. నేను స్కూలుకెళ్లినప్పుడు కూడా తియ్యొద్దన్నాను. అటుపక్క పంపు దగ్గర ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా చేరతారండి. తీస్తే లోపలికొచ్చేస్తారు. వాళ్లతో కూచుని నవ్విందంటే ముఖం మారిపోద్ది, మర్నాడు ఆ భావం రాదు." ఇక్కడ అతని గొంతులో గర్వం పొంగింది. "అసలు గొప్ప సంగతేంటంటే మాస్టారూ, పీట మీంచి లేచాక కూడా ఇప్పుడలాగే ఉంటోంది. అంత లీనమైపోయింది."

కరీముల్లా చేతిలో కుంచె ఆగిపోయింది.

"నువ్వు మాట్లాడిస్తావా ఆ పిల్లని?" అన్నారు మాస్టారు.

"కూర్చోబెట్టిన మనిషిని మాట్లాడించకూడదని మీరే కదండీ చెప్పారు?"

ఆ నియమం ఆయన పెట్టిందే. మేడగదికి హార్బరు నుంచి ముసలి కళాసీలు వచ్చి బొమ్మలకు కూర్చునేవారు. కూర్చున్నంతసేపు వాళ్లను మాట్లాడించకూడదు, లేచాక మాట్లాడించకుండా పంపకూడదు. టీ ఇవ్వాలి, కాళ్లు చాపుకోమనాలి, వాళ్ల ఊసు వినాలి. నియమం ఇంతా కలిపి ఒకటి. జోగారావు అందులో తనకు పనికొచ్చే ముక్క విరుచుకుని ఇంటికి పట్టుకుపోయాడు. చదువుకున్నవాళ్లం చాలామందిమి చేసే పని ఇదే. పెద్దల మాటలో మనకు సుఖమైన సగమే మన చెవిన పడుతుంది.

"రెండో సగం ఏం చేశావురా?" మాస్టారు ఇప్పుడు అరిచారు. "ఏ కాలవలో పారబోశావు?"

జోగారావు బిత్తరపోయాడు. సర్దిచెప్పుకోబోయి ఇంకా ఇరుక్కున్నాడు. "పటం అయిపోతే అన్నీ మామూలే కదండీ మాస్టారూ. చెయ్యీ, చీర అంచూ మాత్రం మిగిలాయి. ఈలోపు పుట్టింటికి పోతానంటోంది. రేపు ఆదివారం వాళ్లన్న ఆదోని నుంచి వస్తాడట. పటం పూర్తయ్యాక వెళ్దువుగాని అన్నాను."

"ఏమంది?"

"ఏమీ అనలేదండి. చూసింది. ఈసారి చీరలన్నీ సర్దేసింది. పొద్దున కూర్చోడానికి ఆ నీలం చీర కావాలంటే పెట్టె అడుగునుంచి తియ్యాల్సొచ్చింది."

"తిరిగి వస్తానందా?"

"అడగలేదండి."

మాస్టారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. మూలనున్న చెప్పులు తొడుక్కున్నారు. "ఆ పటం ఎత్తు. పద."

"ఎక్కడికండీ? నా ప్రశ్న..."

"అది మీ ఇంట్లో ఉంది. నడు."

దారంతా జోగారావు పటం భుజాన పెట్టుకుని, తడిరంగు చొక్కాకు అంటకుండా పక్కకు వంగి నడుస్తూ, వెలుగునీడల గురించే చెబుతున్నాడు. మాస్టారు ఊ కొట్టలేదు. ఎదురైన రిక్షావాడు "ఏంటండీ మాస్టారూ, కోపంగా ఉన్నారు?" అంటే, "ఈ గాడిద ఎంత బరువు మోస్తున్నాడో చూడు, ఏం మోస్తున్నాడో వీడికి తెలీదు" అని ముందుకు సాగారు.

దొడ్డిదారిన లోపలికి వెళ్లారు. గది పటంలో ఉన్నట్టే ఉంది. కిటికీ, పీట, నలుపు. నాగవేణి లేచి నిలబడింది. పాతికేళ్లుంటాయేమో. నమస్కారం పెట్టింది. మూల తాడుతో కట్టిన ట్రంకుపెట్టె ఉంది. జోగారావు పటాన్ని స్టాండు మీద నిలబెట్టాడు.

"బాగున్నావా తల్లీ?" అన్నారు మాస్టారు.

ఆమె భర్తవైపు చూసింది, జవాబు చెప్పవచ్చునా అన్నట్టు. ఆ చూపు చూశాక మాస్టారు ఇంక ఆగలేదు.

"జోగారావూ, ఆ పీట మీద కూర్చో."

"నేనాండీ?"

"నువ్వే. చెయ్యి ఒళ్లో పెట్టు. అరచెయ్యి పైకి. ముఖం వెలుగువైపు పెట్టు, నీకు వెలుగంటే ఇష్టం కదా. కదలకు, మాట్లాడకు. అమ్మాయ్, నువ్విటొచ్చి ఈ స్టాండు దగ్గర నిలబడు. ఇవాళ చూసే వంతు నీది." అని చెప్పి, ఆయన మళ్లీ దొడ్డిదారినే బయటికి పోయారు. ఇల్లు చుట్టి పంపు దగ్గరకు వెళ్లి, ఆ మూసిన తలుపు గుమ్మం ముందరి అరుగు మీదే చతికిలబడ్డారు.

లోపల జోగారావు కాసేపు బాగానే కూర్చున్నాడు. తన మెడ మీద వెలుగు వెచ్చగా తెలుస్తుంటే, నీడ గెడ్డం కింద ఎక్కడ విరుగుతుందో ఊహించుకున్నాడు కూడా. తర్వాత మడమ తిమ్మిరెక్కింది. వీపు లాగింది. నాగవేణి పటం పక్కన నిలబడి అతన్నే చూస్తోంది. ఇంతలో తలుపు అవతల బిందె దించిన చప్పుడైంది. పొరుగింటి మంగతాయారు గొంతు. ఆ గొంతుకు తలుపులు అడ్డం కావు.

"ఆయ్, మాస్టారండీ! ఇలా దారి తప్పారేంటండీ?"

"నడవలేక కూర్చున్నానమ్మా. ఈ ఇంట్లో ఎవరూ లేరా? తలుపేసి ఉంది."

"లేకేమండీ! ఉన్నారు. జాడీలో ఊరగాయకి వాసెన కట్టినట్టు కట్టేశాడండీ ఆ పిల్లని. ఒకసారి తలుపు కొడితే 'రాకండి, వెలుగు పోద్ది' అన్నాడండీ. వెలుగేమన్నా పసిపిల్లాండీ, మేమెత్తుకుపోడానికి?"

ఆడవాళ్లంతా ఘొల్లుమన్నారు. పీట మీద జోగారావు చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరవబోయాడు. నాగవేణి చూపు అతని మీదే ఉంది. మూసుకున్నాడు.

"అంతకుముందు రోజూ వచ్చేదండీ," మంగతాయారు గొంతు కొంచెం తగ్గింది. "రుబ్బురోలు కాడ కూకుని వాళ్ల ఊరి కబుర్లు చెప్పేది. 'లేదు' అనాలంటే 'ల్యాదు' అంటాదండీ, భలేగుంటాది. మేం నవ్వేవాళ్లం. ఎక్కిరింపుకి కాదండీ బాబూ, ముద్దుకి. ఉన్నట్టుండి తలుపేసుకుంది. మా నవ్వుకే అలిగిందేమోననుకున్నాం. పలకరించడానికి మొహం చెల్లలేదు."

"ఆ అమ్మాయి లేకపోతే మీకేం లోటమ్మా?"

"అలాగంటారేంటండీ? రోలు కాడ దాని పీట అలాగే వదిలేశాం, ఎవరూ కూకోట్లేదు."

ఆ తర్వాత మాట చింతపండు మీదికి పోయింది, ఎవరి మేనకోడలి సీమంతం మీదికో పోయింది, మళ్లీ నవ్వులు. పంపు నీళ్లు బిందెల్లో పడుతున్నాయి. ఇటు జోగారావుకు ఆ మాటల్లో ఒక్కదానితోనూ పని లేదు. సీమంతం ఎవరిదో కూడా తెలియదు. అయినా వినకుండా ఉండలేకపోయాడు. ఎవరో ఏదో అడిగారు, జవాబు వినబడలేదు. ఆ జవాబు ఏమై ఉంటుందా అని ప్రాణం కొట్టుకుంది.

"తల అట్ల తిప్పొద్దు," అంది నాగవేణి.

అతను ఉలిక్కిపడ్డాడు. ఆమె తనంతట తాను మాట్లాడి ఎన్నాళ్లయిందో అతనికి గుర్తుకు రాలేదు. "నేను తిప్పలేదే," అన్నాడు.

"తిప్పినావు. తలుపు దిక్కు తిప్పినావు."

జోగారావు చూసుకున్నాడు. కిటికీ తన వెనక పడింది. వెలుగు మెడ మీద, చెవి మీద, ఒళ్లో ఉన్న చేతి మీద ఉంది. ముఖం చీకట్లో ఉంది.

"నేను తిప్పలేదు," అన్నాడు మళ్లీ, ఈసారి గొంతు తగ్గించి. "దానంతటదే తిరిగింది."

"నేను గూడా తిప్పలేదు," అంది ఆమె.

అతను పటం వైపు చూశాడు. తన చేత్తో వేసిన ముఖమే. దాని మీద విమర్శకుడు అన్న మాటల్లో ఒక్కటీ ఆ క్షణాన గుర్తుకు రాలేదని అతనే ఆ తర్వాత కరీముల్లాతో చెప్పాడు. కరీముల్లా అన్న పాలపొంగు మాట మాత్రం గుర్తుకొచ్చిందట. మెడ ఎముక చూశాడు. దాని మీద వెలుగు నిలవడానికి తాను తెల్లరంగులో ఎంత పసుపు కలిపాడో తెలుసు. ఆ ఎముక ఎలా తేలిందో ఇప్పుడు తెలిసింది.

లేచి తలుపు దగ్గరకు పోయాడు. కాలు తిమ్మిరితో తూలాడు. నెలల తరబడి కదపని గడియ బిగుసుకుపోయి ఉంది. లాగాడు, రాలేదు. భుజంతో తోశాడు, రాలేదు. అవతల ఆడవాళ్ల మాటలు ఆగిపోయాయి. చివరికి నాగవేణి వచ్చి, తలుపు రెక్కను ఒక చేత్తో కాస్త పైకెత్తి పట్టుకుంది. గడియ జారింది.

వాకిట్లో ఎండంతా ఒక్కసారి గదిలో పడింది. పీట కింది నీడ పోయింది, గోడ మీది నలుపు పోయింది. బూజులు, పెచ్చులూడిన సున్నం, మూలనున్న పెట్టె, అన్నీ బయటపడ్డాయి. మంగతాయారు తడిచేతులు చీరకు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నాగవేణిని చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఓరి నాయనోయ్! ఏంటే ఇలా అయిపోయావు? ఒంట్లో బాలేదా?"

"ఏం ల్యాదక్కా," అంది నాగవేణి.

ఆ మాటకు మంగతాయారు నవ్వబోయి, తడబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాగవేణి ఆ కొంగు పట్టి లాగేసింది. "నవ్వక్కా. నవ్వితే యేం పోతాది," అంటూ ఆమే ముందు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. మంగతాయారు ఆమెను భుజం పట్టుకుని రోలు దగ్గరకు నడిపించుకుపోయింది.

మాస్టారు మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, లోపలికి వచ్చారు. జోగారావు గుమ్మం పట్టుకుని బయటికి చూస్తున్నాడు. కొంతసేపటికి నాగవేణి మంచినీళ్ల చెంబుతో వచ్చి, మాస్టారికి ఇచ్చింది. "తాగండి సామీ."

"రేపు మీ అన్న..." అని మొదలుపెట్టి జోగారావు ఆగాడు. "రావద్దని చెప్పించనా?"

"రానీ," అంది ఆమె. "వచ్చినాక సూస్తా."

"నేనూ రానా, ఆదోనికి?"

ఆమె అతన్ని నిదానంగా చూసింది. చెంబు తీసుకుని మళ్లీ పంపు దగ్గరకు వెళ్లిపోయింది. తలుపు మాత్రం వెయ్యలేదు.

ఇక్కడితో జోగారావు నోరు మూసుకుని ఉంటే బాగుండేది. కాని పటాలు గీసేవాళ్ల బుర్ర ఒక పట్టాన మారదు. పటంలో పూర్తికాని చెయ్యీ, చీర అంచూ అతని కంటపడ్డాయి.

"మాస్టారూ, ఈ వెలుగులో ఇంక ఆ పటం కుదరదండి. ఆ నీడ మళ్లీ రాదు. దీన్ని ఏం చెయ్యమంటారు?"

సోమలింగాచారి మాస్టారు రెండు చేతులతో నెత్తి కొట్టుకున్నారు. తర్వాత పటం దగ్గరకు వెళ్లి, కుడిపక్కనున్న చీకటి మీద చూపుడువేలు ఆనించారు. నలుపు వేలికి అంటుకుని వచ్చింది. ఆ వేలిని జోగారావు చొక్కాకు తుడిచి, చెప్పులు వేసుకున్నారు.

"పచ్చి ఆరలేదురా ఇంకా, దిద్దుకోవచ్చు. తలుపు తీసి ఉంచు."